అవుట్‌లుక్‌ల నుంచి ఫ్యాక్స్‌లు ఆటోమేటిక్‌గా పోవాలంటే ఎట్లా? (మెడికల్ బిల్లింగ్, నైట్ షిఫ్ట్)

బేగంపేట్_నైట్‌షిఫ్ట్

అందరికీ నమస్తే. మాది బేగంపేట్ల చిన్న మెడికల్ బిల్లింగ్ ఆఫీస్, పదకొండు మందిమి ఉంటం, అమెరికాల మూడు క్లినిక్‌లకు పని చేస్తం. అక్కడ ఈస్టర్న్ టైంల పొద్దున తొమ్మిదంటే మనకు ఎండాకాలంల సాయంత్రం ఆరున్నర, చలికాలంల ఏడున్నర, అప్పట్నుంచి రాత్రి రెండు మూడింటి దాక ఫ్యాక్స్‌లే ఫ్యాక్స్‌లు. ప్రయర్ ఆథరైజేషన్ ఫారాలు (వైద్యానికి ముందే ఇన్సూరెన్స్ వాళ్ళ అనుమతి అడిగేటియి), అప్పీల్ లెటర్లు, మెడికల్ రికార్డులు, అన్నీ కలిపి రోజుకు 60 నుంచి 80 పోతయి. ఈ కాలంల ఫ్యాక్స్ ఏంది అని ఎవరన్న అడుగుతరేమో, అమెరికా హాస్పిటళ్ళల్ల, ఇన్సూరెన్స్ కంపెనీలల్ల ఇప్పటికీ చాల కాగితం దాని మీదనే నడుస్తది, ఈ లైన్ల ఉన్నోళ్ళకు తెల్సు.

ఇప్పుడు మేం చేసేది ఏందంటే క్లినిక్ నుంచి పీడీఎఫ్ మా షేర్డ్ మెయిల్‌బాక్స్‌కు వస్తది, ఒకరు దాన్ని డౌన్‌లోడ్ చేసి, ఫ్యాక్స్ ప్రొవైడర్ సైట్ల లాగిన్ అయి, ఎక్సెల్ షీట్ల నంబర్ చూసి కొట్టి, ఫైల్ ఎక్కించి, పంపి, మళ్ళ వచ్చి షీట్ల టిక్ పెట్టాలె. ఒక్కోదానికి నాలుగైదు నిమిషాలు పడ్తది. పోయిన నెల మా టీంల ఒక అమ్మాయి రాత్రి ఒంటిగంటకు నంబర్ల చివరి రెండు అంకెలు తారుమారు కొట్టింది, ఒకాయన ఎంఆర్ఐ రిపోర్ట్ సంబంధం లేని ఇంకో ఆఫీస్‌కు పోయింది. వాళ్ళు మంచోళ్ళు, ఫోన్ చేసి చెప్పిండ్రు, కాగితాలు ష్రెడ్ చేసినమని రాసిచ్చిండ్రు. మేం క్లినిక్‌కు చెప్పి రికార్డ్ చేసినం. గని ఆ అమ్మాయి రెండు రోజులు సరిగ అన్నం తినలే. తప్పు ఆమెది అని నేననను, అంత రాత్రి డెబ్భయ్యో నంబర్ కొట్టేటప్పుడు ఎవరి చెయ్యైన తప్పుతది.

అందుకే ఇది ఆటోమేటిక్ చేద్దామని కూసున్న. మా ప్రొవైడర్‌కు ఈమెయిల్ టు ఫ్యాక్స్ ఉంది, 1 పెట్టి పది అంకెల నంబర్, దాని పక్కన @ పెట్టి వాళ్ళ డొమైన్, ఆ అడ్రస్‌కు పీడీఎఫ్ పెట్టి మెయిల్ కొడితే ఫ్యాక్స్ అయి పోతది. చేత్తో పంపితే మంచిగనే పోతున్నది. అవుట్‌లుక్‌ల రూల్ పెట్టి ఫార్వర్డ్ చేద్దామంటే 5.7.520 అని ఎర్రర్ కొట్టి తిరిగి వస్తున్నది. ఫార్వర్డ్ బదులు రీడైరెక్ట్ పెడితే ఈసారి ప్రొవైడర్ దిక్కు నుంచి రిజెక్ట్. చేత్తో ఫార్వర్డ్ చేసినయి పోయినయి గని మూడు పేజీల ఫారం ఆరు పేజీలై పోయింది, అందుల ఒక పేజీ నిండ క్లినిక్ లోగోనే ఉంది. వీబీఏ మాక్రో (అవుట్‌లుక్ లోపలనే నడిచే చిన్న ప్రోగ్రాం) రాద్దామని చూస్తే కొత్త అవుట్‌లుక్‌ల ఆ మెనూనే దొరకలే. ఎవరన్న చేసినోళ్ళు ఉంటే జర చెప్పండి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్ ఉంది, సర్వర్ అసొంటియి ఏం లేవు.

విజయవాడ_అడ్మిన్

బ్రదర్, మీరు గుద్దుకున్న గోడలన్నీ నేనూ గుద్దుకున్నవే, ఒక్కొక్కటీ చెప్తాను, కాస్త పెద్దగా వస్తుంది ఓపిగ్గా చదవండి.

5.7.520 అంటే మీ టెనెంట్‌లోంచి, అంటే మీ ఆఫీసు 365 ఖాతాలోంచి, బయటి డొమైన్‌కి ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ ఆపేసి ఉందని. 365లో అది డిఫాల్టే. ఎవరి పాస్‌వర్డ్ అయినా దొంగ చేతికి చిక్కితే వాడు ముందు చేసే పని గప్‌చుప్‌గా ఒక ఫార్వర్డ్ రూల్ పెట్టుకోవడం, అందుకే ఆ తలుపు మూసేశారు. అడ్మిన్ సెంటర్లో అవుట్‌బౌండ్ స్పామ్ పాలసీ కొత్తది ఒకటి చేసి ఆ ఒక్క మెయిల్‌బాక్స్‌కే అనుమతి ఇవ్వొచ్చు, కొంతమంది తెలీక ఆఫీసు మొత్తానికీ తెరిచేస్తారు, ఆ పని మాత్రం చేయకండి, మీ దగ్గర ఉండేది పేషెంట్ల డేటా.

రీడైరెక్ట్ ఎందుకు తిరిగొచ్చిందంటే, రీడైరెక్ట్‌లో ఫ్రమ్ దగ్గర అసలు పంపిన క్లినిక్ అడ్రసే ఉండిపోతుంది. ఫ్యాక్స్ ప్రొవైడర్ దగ్గర రిజిస్టర్ అయింది మీ అడ్రస్. వాళ్ళకి తెలియని అడ్రస్ నుంచి వచ్చిన మెయిల్‌ని ఫ్యాక్స్ చేయకపోవడమే కరెక్ట్, లేకపోతే ఎవడు పడితే వాడు మీ ఖాతా మీద ఫ్యాక్స్‌లు కొట్టేస్తాడు.

మాక్రో సంగతి మర్చిపోండి. కొత్త అవుట్‌లుక్ వీబీఏని నడపదు, కామ్ యాడ్‌ఇన్‌లనీ (పాత పద్ధతి ప్లగిన్లు) నడపదు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో నడుస్తుంది గానీ అందులో కూడా రూల్‌లో ఉండే రన్ ఎ స్క్రిప్ట్ ఆప్షన్ 2017 సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత కనపడదు, విండోస్ సెట్టింగ్స్ ఉండే రిజిస్ట్రీలో విలువ పెడితేనే తిరిగొస్తుంది. అది పెట్టినా ఒక కంప్యూటర్ రాత్రంతా ఆన్‌లో ఉండాలి, అవుట్‌లుక్ తెరిచి ఉండాలి, మధ్యలో కరెంటు పోయినా విండోస్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయినా ఫ్యాక్స్‌లు ఆగిపోతాయి, ఆగిపోయాయని ఎవరికీ తెలీదు. చేత్తో పంపడం కన్నా ప్రమాదం అది.

మీకు సరిపోయేది పవర్ ఆటోమేట్, ఇలాంటి పనుల్ని మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో దానంతటదే చేసే టూల్, అందులో పెట్టుకునే ఒక్కో పనుల వరసని ఫ్లో అంటారు. దాన్ని అవుట్‌లుక్‌కి కలిపే కనెక్టరూ, షేర్‌పాయింట్‌కి (365లో ఫైళ్ళు, లిస్టులు పెట్టుకునే చోటు) కలిపే కనెక్టరూ రెండూ స్టాండర్డ్‌వే, వీటి కోసం ప్రీమియం లైసెన్స్ కొనక్కర్లేదు. షేర్డ్ మెయిల్‌బాక్స్‌కి కొత్త మెయిల్ వచ్చినప్పుడు అనే ట్రిగ్గర్ (ఫ్లోని మొదలుపెట్టేది) ఉంటుంది, అది తీసుకోండి, అటాచ్‌మెంట్లతో సహా అని ఆప్షన్ ఆన్ చేయండి. ఆ వచ్చిన మెయిల్‌ని ఫార్వర్డ్ చేయొద్దు. అందులోంచి పీడీఎఫ్ ఒక్కటి బయటికి తీసి, మీ షేర్డ్ మెయిల్‌బాక్స్ నుంచి సరికొత్త మెయిల్‌గా పంపించండి. దీంతో మీ మూడు సమస్యలూ ఒకేసారి పోతాయి. ఫార్వర్డ్ కాదు కాబట్టి బ్లాక్ అవ్వదు, ఫ్రమ్ మీదే కాబట్టి ప్రొవైడర్ తీసుకుంటాడు, పాత మెయిల్ బాడీ ఉండదు కాబట్టి ఆ అదనపు పేజీలు రావు. మీకు మూడు పేజీలు ఆరు ఎందుకయ్యాయంటే ప్రొవైడర్లు మామూలుగా మెయిల్ బాడీని కవర్ పేజీగా అచ్చేస్తారు, మెయిల్ చెయిన్, కింద ఉండే కాన్ఫిడెన్షియాలిటీ పేరా అంతా ఒక పేజీ దాటింది, సిగ్నేచర్లో ఉన్న లోగో ఒక బొమ్మ ఫైలు కాబట్టి దాన్ని ఇంకో అటాచ్‌మెంట్ అనుకుని పేజీగా వేసేశాడు. ఫ్లోలో ప్రతి అటాచ్‌మెంట్‌కీ ఇన్‌లైన్ (మెయిల్ బాడీ లోపలే ఉండే బొమ్మ) అవునా కాదా అని ఒక గుర్తు ఉంటుంది, ఇన్‌లైన్ కానివి, అందులోనూ పీడీఎఫ్‌లు మాత్రమే తీసుకోమని షరతు పెట్టండి.

ఇప్పుడు అసలు విషయం, నంబర్. మెయిల్‌లో నంబర్ టైప్ చేయించుకునే పద్ధతి పెట్టుకుంటే ఆ అమ్మాయికి జరిగిందే రేపు క్లినిక్‌లో ఇంకొకరికి జరుగుతుంది, పైగా ఈసారి చూసే కన్ను కూడా ఉండదు. షేర్‌పాయింట్‌లో ఒక లిస్ట్ చేయండి, ఒక్కో ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఒక చిన్న కోడ్, పక్కన ఫ్యాక్స్ నంబర్, ఆ పక్కన ఆ నంబర్‌ని ఫోన్ చేసి ఎప్పుడు సరిచూశారో తేదీ. క్లినిక్ వాళ్ళు సబ్జెక్ట్‌లో కోడ్, కేసు నంబర్ రాస్తే చాలు, పేషెంట్ పేరు వద్దు. ఫ్లో ఆ కోడ్‌ని లిస్ట్‌లో వెతికి నంబర్ తెచ్చుకుంటుంది. కోడ్ దొరక్కపోతే పంపడం మానేసి మనిషికి మెయిల్ పెడుతుంది. దగ్గరగా ఉన్న కోడ్ ఏదో చూసి పంపేయడం లాంటి తెలివితేటలు దానికి నేర్పించకండి.

ఇంకోటి, పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్ వస్తే ప్రొవైడర్ దాన్ని తెరవలేడు, ఫెయిల్ అవుతుంది. క్లినిక్ వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

న్యూజెర్సీ_ఫ్రంట్‌డెస్క్

నేను ఇటు వైపు నుంచి చెప్తానండి, ఇక్కడ న్యూజెర్సీలో ఒక కార్డియాలజీ క్లినిక్ ఫ్రంట్ డెస్క్‌లో తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను, మీలాంటి బిల్లింగ్ ఆఫీసుల నుంచి వచ్చే ఫ్యాక్స్‌లు రోజూ చూసేది నేనే.

పైన అన్నయ్య గారు చెప్పినవన్నీ బావున్నాయి గానీ పేజీ ఎలా ఉందో చూసుకోవడం కూడా ముఖ్యం. ఇన్సూరెన్స్ కార్డుని రంగుల్లో స్కాన్ చేసి పీడీఎఫ్‌లో పెట్టేస్తారు, మీ స్క్రీన్ మీద అది నీలం రంగు మీద తెల్ల అక్షరాలతో చక్కగా ఉంటుంది, ఫ్యాక్స్‌లో రంగు ఉండదు గ్రే ఉండదు, అంతా నలుపు తెలుపు చుక్కలే, మాకు వచ్చేసరికి ఒక నల్లటి దీర్ఘచతురస్రం, అందులో చీమలు పాకినట్టు ఏవో గీతలు. మెంబర్ ఐడీలో 3 ఏదో 8 ఏదో తెలీదు. మేము మళ్ళీ మీకు ఫోన్ చేయాలి, మీరు మళ్ళీ పంపాలి, ఈ లోపు పేషెంట్ స్ట్రెస్ టెస్ట్ కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఫ్యాక్స్ స్టాండర్డ్ రిజల్యూషన్‌లో పై నుంచి కిందకి అంగుళానికి 98 గీతలే, ఫైన్‌లో 196. మీ ప్రొవైడర్ సెట్టింగ్స్‌లో ఫైన్ ఆన్ చేయండి, కార్డుల్ని బ్లాక్ అండ్ వైట్‌లో 200 డీపీఐలో స్కాన్ చేయమని క్లినిక్‌లకి చెప్పండి. బ్యాక్‌గ్రౌండ్‌లో లేత రంగు పట్టీలు ఉండే ఫారాలు కూడా అంతే, ఆ పట్టీ అంతా చుక్కలైపోయి మీద రాసింది చదవలేం, పైగా ఆ చుక్కల వల్ల పేజీ పోవడానికి చాలా ఎక్కువ టైం పడుతుంది.

ప్రతి పేజీ మీదా పేషెంట్ పేరు, పుట్టిన తేదీ ఉండాలండి. మాకు ఫ్యాక్స్‌లు ఇప్పుడు కాగితం మీద రావు, సిస్టంలో ఒక క్యూలో పీడీఎఫ్‌లుగా పడతాయి, మేము ఒక్కొక్కటీ తెరిచి ఎవరి చార్ట్‌లో పెట్టాలో చూసి పెడతాం. మధ్యలో లైన్ తెగి మిగతా పేజీలు ఇంకో ఫ్యాక్స్‌గా వస్తే, ఆ రెండో ముక్కలో పేరు లేకపోతే అది ఎవరిదో మాకు తెలిసే దారి లేదు. కవర్ పేజీ మీద మాత్రం పేషెంట్ వివరాలు పెట్టకండి, ఎవరికి, ఎవరి నుంచి, ఎన్ని పేజీలు, తిరిగి ఫోన్ చేయాల్సిన నంబర్, అంతే. ఎన్ని పేజీలో తప్పకుండా రాయండి, అది చూసే మేము తక్కువ వచ్చిందని పట్టుకుంటాం.

హిపా, అదే పేషెంట్ల సమాచారం కాపాడే అమెరికా చట్టం, దాని సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఫ్యాక్స్ చేయడం తప్పు కాదు, తగిన జాగ్రత్తలు తీసుకోవాలి అంటుంది, నంబర్ సరిచూసుకోవడం అందులో ముఖ్యమైనది. మీ ఫ్యాక్స్ ప్రొవైడర్‌తో బిజినెస్ అసోసియేట్ అగ్రిమెంట్ (పేషెంట్ల డేటాని హిపా ప్రకారం కాపాడతామనే ఒప్పందం) ఉందా లేదా ఈ రోజే చూడండి. చవగ్గా వస్తోందని మామూలు ప్లాన్ తీసుకుని అది లేకుండా నడిపేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి.

పాతమోడెమ్

నేను 2003 నుంచి సికింద్రాబాద్‌లో ఒక ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో సిస్టమ్స్ చూసేవాణ్ణి, అప్పుడు లినక్స్ డబ్బాలో హైలాఫ్యాక్స్ అనే ఫ్యాక్స్ సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసి, 56కే మోడెమ్ తగిలించి, మెయిల్ సర్వర్‌లో ఫ్యాక్స్ అడ్రస్‌కి ఏ మెయిల్ వచ్చినా హైలాఫ్యాక్స్‌కి పోయేట్టు పెట్టాను. మోడెమ్ కూసే కూత వినే, ఫ్యాక్స్ కలిసిందో లేదో పక్క గదిలోంచి చెప్పేవాణ్ణి. విండోస్‌లో కూడా ఫ్యాక్స్ సర్వీస్ ఉంది, స్క్రిప్ట్‌తో నడపొచ్చు, కానీ మోడెమ్, లైన్ కావాలి, హైదరాబాద్ నుంచి అమెరికాకి ఐఎస్‌డీ కాల్ మీద ఫ్యాక్స్ అంటే మీకు ఏ రకంగానూ కిట్టదు. ప్రొవైడర్ దారే సరైంది.

నేను చెప్పేది లైన్ గురించి. ఫ్యాక్స్ మామూలు టెలిఫోన్ లైన్ కోసం పుట్టింది, గ్రూప్ 3 స్టాండర్డ్ 1980లోది. ఇప్పుడు అటు క్లినిక్‌లలో చాలా వాటికి ఫోన్ ఇంటర్నెట్ మీద నడుస్తోంది. మాట్లాడుకునేటప్పుడు చిన్న ముక్క మధ్యలో పోయినా మన చెవి సర్దుకుంటుంది, మోడెమ్ సర్దుకోదు, ఒక్క ప్యాకెట్ పోయినా తడబడుతుంది. అందుకే రెండు పేజీలవి పోతాయి, ముప్ఫై పేజీలవి పదో పేజీ దగ్గర తెగుతాయి. దీనికని టీ.38 అనే పద్ధతి ఉంది, దారి పొడుగునా అందరూ దాన్ని సపోర్ట్ చేస్తేనే పని చేస్తుంది. మీ చేతిలో ఉండేది రెండే. ఒకటి, ఎప్పుడూ ఫెయిల్ అయ్యే నంబర్లకి స్పీడ్ సెకనుకి 14,400 బిట్ల నుంచి 9,600కి తగ్గించమని ప్రొవైడర్ సపోర్ట్‌కి రాయండి, చాలామంది చేస్తారు. రెండోది, పెద్ద రికార్డుల్ని ముక్కలు చేయండి. పేజీకి అర నిమిషం నుంచి నిమిషం వేసుకున్నా 80 పేజీలంటే కనీసం నలభై నిమిషాలు లైన్ పట్టుకుని కూర్చోవాలి, అంతసేపు నిలవడం కష్టం. ఇరవై పేజీల చొప్పున నాలుగు చేసి, కవర్ మీద నాలుగులో ఒకటో భాగం, రెండో భాగం అని రాయండి.

నెట్‌లో కొందరు ఈసీఎం ఆపేస్తే ఫ్యాక్స్ పోతుందని రాస్తారు. పోతుంది, నిజమే. ఈసీఎం అంటే తప్పుగా వచ్చిన ముక్కని మళ్ళీ అడిగి తెప్పించుకునే ఏర్పాటు, అది ఆపితే పాడైన గీతలు పాడైనట్టే అచ్చవుతాయి. లాబ్ రిపోర్ట్‌లో ఒక గీత పోయి దశాంశ బిందువు మాయమైతే ఎవరు బాధ్యులు? మెడికల్ కాగితాలకి నేను ఎప్పటికీ ఆపమని చెప్పను. ఫెయిల్ అయితే ఫెయిల్ అవ్వనీ, మళ్ళీ పంపొచ్చు.

విజయవాడ_అడ్మిన్

పెద్దాయన చెప్పిన ఆఖరి మాటకి నాది ఒకటి కలుపుతాను, పొద్దున ఇది రాయడం మర్చిపోయాను, నిజానికి ఇదే ముందు రాయాల్సింది. పంపే ఫ్లో అరపూటలో అయిపోతుంది. అందిందా లేదా చూసే ఫ్లో కోసం రెండు రోజులు కేటాయించండి.

పంపిన ప్రతిదానికీ షేర్‌పాయింట్‌లో ఇంకో లిస్ట్‌లో ఒక వరస పడాలి, కేసు నంబర్, కోడ్, పంపిన టైం, పేజీలు, స్టేటస్ దగ్గర పంపాం అని. కాసేపటికి ప్రొవైడర్ నుంచి పోయిందనో పోలేదనో మెయిల్ వస్తుంది, రెండో ఫ్లో దాన్ని చదివి కేసు నంబర్ పట్టుకుని స్టేటస్ మారుస్తుంది. ప్రొవైడర్ తన కన్ఫర్మేషన్‌లో మీ సబ్జెక్ట్ తిరిగి ఇస్తున్నాడో లేదో ముందు ఒకటి పంపి చూసుకోండి, ఇవ్వకపోతే నంబర్, టైం బట్టి జత చేయాల్సి వస్తుంది, అది కాస్త తలనొప్పి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. పోలేదు అని వచ్చినవి కనపడతాయి సరే, ఏ మెయిలూ రానివాటి సంగతేంటి? ప్రొవైడర్ దగ్గర ఇరుక్కున్నా, మీ మెయిల్ వాళ్ళకి చేరకపోయినా అసలు ఏ కబురూ రాదు. అందుకని మూడో ఫ్లో, గంటకోసారి నడిచి, పంపి రెండు గంటలు దాటినా స్టేటస్ మారని వరసలన్నీ ఏరి షిఫ్ట్ లీడ్‌కి ఒక మెయిల్ పెట్టాలి. నేను మా ఆఫీసులో ఇది లేకుండా ఐదు నెలలు నడిపాను, ఒక అప్పీల్ గడువు దాటిపోయాక గానీ ఆ ఫ్యాక్స్ వెళ్ళలేదని తెలీలేదు. ఆ డబ్బు క్లినిక్‌కి తిరిగి రాలేదు. ఆ రోజు రాత్రి కూర్చుని మూడో ఫ్లో రాశాను.

ఫ్లోలో టైం పెట్టే దగ్గర టైమ్ జోన్ ఈస్టర్న్ అని ఎంచుకోండి, మన టైం పెడితే మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం వాళ్ళ గడియారం మారినప్పుడల్లా మీ లెక్క గంట తప్పుతుంది.

బేగంపేట్_నైట్‌షిఫ్ట్

అందరికీ చాల చాల థ్యాంక్స్, పది రోజులు పట్టింది, ఇప్పుడు చెప్త ఏమైందో.

ముందు ఒక క్లినిక్‌కే పెట్టినం. లిస్ట్ చేసేటప్పుడు మా ఎక్సెల్ షీట్ల ఉన్న నంబర్లన్నీ ఒక్కొక్కటి ఫోన్ చేసి కనుక్కున్నం, 112 ఉన్నయి, మూడు రాత్రులు పట్టింది, అందుల తొమ్మిది మారిపోయినయి, ఒకటైతే ఇప్పుడు ఎవరికో ఇంటి ఫోన్. ఇన్ని రోజులు ఆ నంబర్‌కు ఫెయిల్ వస్తే మళ్ళ మళ్ళ అదే కొట్టుకుంట కూసున్నం. అగ్రిమెంట్ మాట చూసిన మేడమ్, మా ప్లాన్ల లేదు, పై ప్లాన్‌కు మారినం, మా సార్ మొదలు ఖర్చు అన్నడు గని మీరు రాసింది చూపిస్తే ఇంకేం అనలే.

నిన్న రాత్రి 64 పోయినయి. చెయ్యితోని ఒక్క నంబర్ కొట్టలే. పన్నెండున్నరకు మూడో ఫ్లో మెయిల్ వచ్చింది, మూడింటికి కబురు లేదని. రెండు లేటుగ వచ్చినయి, ఒకటి పాస్‌వర్డ్ ఉన్న పీడీఎఫ్, లోపలనే ఆగింది. ఆ మెయిల్ చూసే పని మేం ఆ అమ్మాయికే ఇచ్చినం, ఎందుకంటే నంబర్ల మీద ఆమెకున్నంత పట్టింపు ఇప్పుడు ఇంకెవరికీ లేదు. ఆమెనే క్లినిక్‌కు ఫోన్ చేసి లాక్ తీసిన ఫైల్ తెప్పించింది, ఒంటిగంట పదికి పోయింది, పదహారుకు కన్ఫర్మేషన్ వచ్చింది.

ఒక్క డౌట్, లిస్ట్‌ల నంబర్ మార్చాలంటే ఎవరికి హక్కు ఇయ్యాలె? ఇప్పుడైతే అందరు మార్చొచ్చు.

న్యూజెర్సీ_ఫ్రంట్‌డెస్క్

ఇద్దరికే ఇవ్వండి తమ్ముడూ. ఒకరు మారిస్తే రెండోవారు చూడాలి. మార్చిన ప్రతిసారీ ముందు పేషెంట్ వివరాలేమీ లేని ఒక పేజీ టెస్ట్‌గా పంపండి, మీ ఆఫీసు పేరు, ఫోన్ నంబర్ మాత్రం ఉంటే చాలు, పంపి అక్కడికి ఫోన్ చేసి వచ్చిందా అని అడగండి. మా క్లినిక్‌కి అలా ఫోన్ వస్తే నేను క్యూ తెరిచి చూసి చెప్తాను, అర నిమిషం పని. ఆ అమ్మాయికి నా తరఫున చెప్పండి, బాగా చేస్తోందని.